యూరప్‌లో గడిపిన నాలుగున్నరేళ్లే రికెల్మే కెరీరా?

పదో_నంబర్:
మిడ్‌ఫీల్డర్ల థ్రెడ్‌లో అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు హువాన్ రోమన్ రికెల్మే పేరు రాగానే ఇద్దరు ముగ్గురు సభ్యులు "బార్సిలోనాలో నిలబడలేకపోయాడు, ఆర్సెనల్ మీద పెనాల్టీ పోగొట్టాడు, అంతే కదా" అని తేల్చేశారు. అక్కడ చర్చను పక్కదారి పట్టించడం ఇష్టం లేక ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రికెల్మే బ్యూనస్ ఐరిస్ క్లబ్ బోకా జూనియర్స్ ఆటగాడు. అతని కెరీర్‌కి నడిబొడ్డు బ్యూనస్ ఐరిస్. యూరప్ మధ్యలో వచ్చి వెళ్లిన భాగం. మన ఇళ్లలో టీవీకి ఛాంపియన్స్ లీగ్ వచ్చేది, దక్షిణ అమెరికా క్లబ్‌ల పెద్ద టోర్నీ కోపా లిబెర్తడోరెస్ వచ్చేది కాదు. దాంతో మనకు కనిపించినంత మేరకే అతని ఆట అనుకుంటున్నాం.

తెలియని వాళ్ల కోసం మొదటి అధ్యాయం క్లుప్తంగా. 1978 జూన్ 24న బ్యూనస్ ఐరిస్ శివార్లలోని శాన్ ఫెర్నాండోలో పుట్టాడు. ఆ మర్నాడే అర్జెంటీనా తన మొదటి ప్రపంచకప్ గెలిచింది. పెరిగింది దోన్ తోర్క్వాతో అనే పేదల పేటలో, చాలామంది తోబుట్టువుల మధ్య. మారడోనాలాగే అతనూ అర్జెంటీనోస్ జూనియర్స్ కుర్రాళ్ల జట్టులో ఆట నేర్చుకుని బోకాకి వచ్చాడు. 1996 నవంబర్ 10న ఉనియోన్ దె శాంతా ఫే మీద బోకా తరఫున తొలి మ్యాచ్. మరుసటి ఏడాది మలేసియాలో జరిగిన యువ ప్రపంచకప్‌ను హోసే పెకెర్మన్ శిక్షణలో గెలిచిన అర్జెంటీనా జట్టులో ఉన్నాడు. పాబ్లో ఐమార్, ఎస్తెబాన్ కాంబియాసో, వాల్టర్ శామ్యూల్ కూడా ఆ జట్టులోని వాళ్లే.

అదే సంవత్సరం అక్టోబర్ 25న బోకా బద్ధ ప్రత్యర్థి రివర్ ప్లేట్ మైదానంలో మారడోనా తన ఆఖరి అధికారిక మ్యాచ్ ఆడాడు. హాఫ్ టైమ్‌లో అతను బయటికి వచ్చినప్పుడు లోపలికి వెళ్లిన కుర్రాడు రికెల్మే. బోకా 2-1తో గెలిచింది.

ఉత్తర_స్టాండ్:
మంచి థ్రెడ్. బోకాలో అతను దేవుడన్న మాట ఒప్పుకుంటాను. కానీ పెద్ద ఆటగాడు ఎక్కడికి వెళ్లినా ఆడాలి కదండీ? బార్సిలోనా చిన్న వేదిక కాదు. అక్కడ ఒక్క సీజన్‌లోనే బయటికి పంపేశారు.

కొత్త_బంతి:
అన్నా, నేను 2003లో పుట్టాను. రికెల్మే అంటే రెండు మూడు నిమిషాల క్లిప్పులే చూశాను. అందులో ఎక్కువ భాగం అతను నిలబడే ఉంటాడు. అసలు అతని ఆటలో ఏముంది? ఎవరైనా నిదానంగా చెప్పండి.

పదో_నంబర్:
@కొత్త_బంతి, నువ్వు గమనించింది సరైనదే తమ్ముడూ. అతను నిలబడే ఉంటాడు. కదిలేది మిగతా వాళ్లు.

అర్జెంటీనాలో ఆ స్థానాన్ని ఎన్‌గాంచే అంటారు. ఇద్దరు ఫార్వర్డ్‌ల వెనక, ముగ్గురు మిడ్‌ఫీల్డర్ల ముందు ఒంటరిగా ఆడే పదో నంబర్. కోచ్ కార్లోస్ బియాంచి నడిపిన బోకాలో అతని వెనక మౌరిసియో సెర్నా, సెబాస్టియన్ బతాలియా లాంటి వాళ్లు పరుగులు తీసి బంతి గెలుచుకునేవాళ్లు. గెలిచిన బంతి రికెల్మే కాళ్ల దగ్గరికి వెళ్లేది. అతను వీపు డిఫెండర్ వైపు పెట్టి, బూటు అడుగుభాగంతో బంతిని తొక్కిపట్టి ఆగేవాడు. ఇద్దరు ముగ్గురు మీద పడేవాళ్లు. అప్పుడే పాస్ వెళ్లేది. మీద పడ్డవాళ్లు ఖాళీ చేసిన చోటికే వెళ్లేది. ఆలస్యం చేస్తున్నట్టు కనిపించే ఆ రెండు మూడు సెకన్లే అతని ఆయుధం. క్లిప్పుల్లో పాస్ మాత్రం చూపిస్తారు, ముందున్న ఆగడాన్ని కత్తిరించేస్తారు. అందుకే క్లిప్పులతో అతను అర్థం కాడు. పూర్తి మ్యాచ్ చూడాలి.

పైగా అతను వేగంగా పరిగెత్తేవాడు కాదు, గాలిలో బంతికి ఎగిరేవాడు కాదు. కానీ ఆ నడుము, భుజాలు అడ్డం పెట్టాడంటే బంతి లాక్కోవడం ఎవరి తరమూ కాదు. ఫ్రీకిక్‌ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

గోదారి_గట్టు:
2000 సంవత్సరం గురించి ఎవరూ రాయకముందే నేను రాసేస్తాను, అది నాకు ప్రాణం.

కార్లోస్ బియాంచి 1998లో బోకా కోచ్‌గా వచ్చాడు. అప్పటిదాకా తడబడుతున్న జట్టు 1998 అపెర్తురా, 1999 క్లౌసురా (అర్జెంటీనా లీగ్‌లో ఏడాదికి రెండు టైటిళ్లు ఉండేవి, వాటి పేర్లివి) వరసగా గెలిచి, లీగ్‌లో 40 మ్యాచ్‌లు ఓడకుండా ఆడింది. తర్వాత 2000 లిబెర్తడోరెస్ క్వార్టర్ ఫైనల్. ఎదుట రివర్ ప్లేట్. మొదటి మ్యాచ్ రివర్ మైదానంలో 2-1తో ఓడారు. ఆ ఒక్క గోల్ రికెల్మే ఫ్రీకిక్. మే 24న బోకా సొంత మైదానం బొంబొనేరాలో తిరుగు మ్యాచ్, బోకా 3-0. రికెల్మే పెనాల్టీ గోల్ చేశాడు. మోకాలి గాయంతో నెలల తరబడి ఆటకు దూరమైన స్ట్రైకర్ మార్టిన్ పలేర్మో చివర్లో దిగి మూడో గోల్ కొట్టాడు.

కానీ ఆ రాత్రి జనానికి గుర్తుండిపోయింది గోల్ కాదు. టచ్ లైన్ పక్కన, గోల్‌కి వీపు పెట్టి రికెల్మే బంతి అందుకున్నాడు. వెనక నుంచి రివర్ డిఫెండర్ మారియో యెపెస్ అతుక్కుపోయాడు. రికెల్మే బూటు అడుగుతో బంతిని వెనక్కి లాగి, యెపెస్ కాళ్ల సందులోంచి పంపించి, తను చుట్టూ తిరిగి అందుకున్నాడు. గోల్ రాలేదు. దాని వల్ల స్కోరు మారలేదు. అయినా పాతికేళ్లుగా ఆ దేశంలో చెప్పుకుంటూనే ఉన్నారు. యెపెస్ సాధారణ డిఫెండర్ కాదు, తర్వాత కొలంబియా కెప్టెన్ అయ్యాడు. అందుకే దానికి అంత విలువ.

ఆ కప్ ఫైనల్లో పామెయిరాస్‌ని బ్రెజిల్‌లో పెనాల్టీ షూటౌట్‌లో ఓడించారు. ఆ నవంబర్ 28న టోక్యోలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ (యూరప్, దక్షిణ అమెరికా ఛాంపియన్ క్లబ్‌ల మధ్య మ్యాచ్), ఎదుట రియల్ మాడ్రిడ్. ఫిగో, రౌల్, రొబెర్తో కార్లోస్, కసియాస్ ఉన్న జట్టు. ఆరు నిమిషాల్లో పలేర్మో రెండు గోల్స్. రెండోది రికెల్మే సొంత సగం నుంచి వేసిన పొడుగాటి పాస్‌తో వచ్చింది. రొబెర్తో కార్లోస్ ఒకటి తిరిగి ఇచ్చాడు. మిగిలిన దాదాపు ఎనభై నిమిషాలు రికెల్మే బంతిని తన దగ్గర పెట్టుకుని ఫ్రీకిక్‌లు సంపాదిస్తూ మ్యాచ్‌ని కరిగించేశాడు. క్లాడ్ మకెలెలె, జెరెమీ ఇద్దరూ మీద పడ్డా బంతి తీసుకోలేకపోయారు. 22 ఏళ్ల కుర్రాడు అప్పటి యూరప్ ఛాంపియన్ల మీద ఆడిన ఆట అది. @ఉత్తర_స్టాండ్ గారూ, "ఎక్కడికి వెళ్లినా ఆడాలి" అన్నారు కదా, టోక్యో కూడా ఒక చోటే.

ఉత్తర_స్టాండ్:
@గోదారి_గట్టు, ఒక్క రాత్రి వేరు, ముప్పై ఎనిమిది వారాల లీగ్ సీజన్ వేరు. ఆ మ్యాచ్ గొప్పదే, కాదనను.

లెక్కల_మాస్టారు:
నేను రెండో వైపు వాదిస్తాను, రికెల్మే మీద గౌరవంతోనే.

అతన్ని ఆడించాలంటే జట్టు మొత్తాన్ని అతని చుట్టూ కట్టాలి. ముగ్గురు అతని కోసం పరిగెత్తాలి. ఆట వేగం అతను నిర్ణయించాలి. అతనికి రోజు బాగుంటే అద్భుతం. బాగోకపోతే జట్టుకి రెండో దారి ఉండదు. 2002లో జాతీయ కోచ్ మార్సెలో బియెల్సా ప్రపంచకప్‌కి తీసుకెళ్లకపోవడానికి కారణం అదే అనుకుంటాను. బియెల్సా ఆట ముందుకు దూకే ఆట, రికెల్మే ఆట ఆపి చూసే ఆట. బార్సిలోనా కోచ్ లూయిస్ వాన్ గాల్ సంగతీ అంతే. అతని పద్ధతిలో ఆ స్థానమే లేదు. ఇద్దరు పెద్ద కోచ్‌లు ఒకే నిర్ణయానికి వచ్చారంటే అందులో ఫుట్‌బాల్ కారణం ఉంది. పగ అని కొట్టిపారేయలేం.

విశాఖ_వింగర్:
బార్సిలోనా గురించి ఒక మాట చేర్చాలి. 2002లో అతను దేశం వదిలి వెళ్లిన పరిస్థితి చాలామందికి తెలియదు. ఆ ఏడాది అతని తమ్ముణ్ని దుండగులు ఎత్తుకెళ్లారు. డబ్బు కట్టి విడిపించుకున్నారు. అర్జెంటీనా ఆర్థికంగా కుప్పకూలిన రోజులవి. ఆ తర్వాతే బార్సిలోనాకి వెళ్లాడు. తీసుకుంది క్లబ్ యాజమాన్యం, అడిగింది కోచ్ కాదు. వాన్ గాల్ ఆ విషయం దాచుకోలేదు కూడా. అతన్ని తీసుకెళ్లి ఎడమ అంచున నిలబెట్టాడు. మధ్యలో ఉండి నలువైపులా చూడాల్సిన వాణ్ని గీత పక్కన పెడితే సగం మైదానం అతని వీపు వెనకే ఉంటుంది.

ఇంకోటి. ఆ సీజన్‌లో బార్సిలోనా మొత్తం జట్టే మునిగిపోయింది. వాన్ గాల్‌ని జనవరిలోనే పంపేశారు, లీగ్‌లో ఆరో స్థానం. ఆ ఓడలో ఎవరు ఈదారని రికెల్మే ఒక్కడినే తప్పు పట్టాలి? మరుసటి ఏడాది రొనాల్డీన్యో వచ్చాడు, విదేశీ ఆటగాళ్ల కోటాలో చోటు లేదు, విల్లారియల్‌కి అప్పుగా ఇచ్చేశారు.

టైల్స్_ఊరు:
విల్లారియల్ మాట వచ్చింది కాబట్టి మాట్లాడతాను. టైల్స్ వ్యాపారం పనిమీద కొన్నేళ్లుగా స్పెయిన్‌లోని కస్తెయ్యోన్ ప్రాంతంలో ఉంటున్నాను. విల్లారియల్ ఊరి జనాభా యాభై వేలు దాటినా కొంచెమే. మన కాకినాడలో ఒక మూలకి సరిపోతుంది. ఊరంతా సిరామిక్ ఫ్యాక్టరీలే. క్లబ్ అధ్యక్షుడు ఫెర్నాందో రోయిగ్ కూడా ఆ వ్యాపారంలోని మనిషే. అప్పట్లో మైదానం పేరు ఎల్ మద్రిగల్, 2017 నుంచి సిరామిక్ పేరే పెట్టారు.

2004లో మాన్యుయెల్ పెల్లెగ్రిని కోచ్‌గా వచ్చి, వాన్ గాల్ చేయనిది చేశాడు. రికెల్మేని మధ్యలో పెట్టి జట్టు కట్టాడు. వెనక మార్కోస్ సెన్నా, ముందు డియెగో ఫోర్లాన్. హువాన్ పాబ్లో సొరిన్, అర్రువబర్రెనా, గొంజాలో రొద్రిగెజ్ అని సగం జట్టు అర్జెంటీనా వాళ్లే. 2004-05లో లా లిగాలో మూడో స్థానం. ఫోర్లాన్ 25 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్, రికెల్మేవి 15. అంటే @ఉత్తర_స్టాండ్ గారు అడిగిన ముప్పై ఎనిమిది వారాల ఆట ఇదే.

మరుసటి ఏడాది క్లబ్ చరిత్రలో మొదటి ఛాంపియన్స్ లీగ్. క్వాలిఫయర్‌లో ఎవర్టన్ని పడగొట్టారు. గ్రూపులో మాంచెస్టర్ యునైటెడ్ ఉంది, వాళ్లతో రెండు మ్యాచ్‌లూ 0-0. చివరికి విల్లారియల్ గ్రూపులో మొదటి స్థానం, యునైటెడ్ ఆఖరి స్థానం. తర్వాత రేంజర్స్, ఆ తర్వాత ఇంటర్ మిలన్. ఇంటర్ మీద మిలన్‌లో 2-1తో ఓడి, ఇక్కడ అర్రువబర్రెనా తలతో కొట్టిన గోల్‌తో 1-0 గెలిచి, మొత్తం స్కోరు సమమైనా ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్ లెక్కన సెమీఫైనల్. ఈ ఊరి వాళ్లు ఆ సీజన్ గురించి ఇప్పటికీ పెనాల్టీతో మొదలుపెట్టరు. ఇంటర్ మ్యాచ్‌తో మొదలుపెడతారు.

అర్ధరాత్రి_మ్యాచ్:
ఆ పెనాల్టీ గురించి కూడా ఎవరో ఒకరు రాయాలి కదా.

2006 ఏప్రిల్ 25, ఆర్సెనల్‌తో సెమీఫైనల్ రెండో మ్యాచ్, మనకు అర్ధరాత్రి దాటాక మొదలైంది. మొదటి మ్యాచ్ లండన్‌లో ఆర్సెనల్ 1-0తో గెలిచింది, కోలో టూరే గోల్. విల్లారియల్‌లో స్కోరు 0-0. విల్లారియల్ ఒక్కటి కొడితే అదనపు సమయం. ఆఖరి నిమిషాల్లో హోసే మారిని క్లిషీ తోశాడని రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. రికెల్మే కొట్టాడు. ఆర్సెనల్ గోల్‌కీపర్ యెన్స్ లేమన్ తన ఎడమ వైపు దూకి ఆపాడు. అయిపోయింది.

నేను ఆర్సెనల్ అభిమానిని. ఆ క్షణం ఎగిరి గంతేశాను. కానీ ఆ మ్యాచ్ మొత్తం చూసినవాడిగా చెబుతున్నాను, ఆ రాత్రి రెండో సగంలో ఆర్సెనల్ ఊపిరి బిగబట్టుకుని ఆడింది రికెల్మే వల్లే. ఆ సీజన్‌లో ఆర్సెనల్ డిఫెన్స్ యూరప్‌లో వరసగా మ్యాచ్‌లు గోల్ ఇవ్వకుండా వచ్చింది. వాళ్లని అంతగా ఇబ్బంది పెట్టిన జట్టు ఇంకోటి లేదు. పెనాల్టీ అతనే కొట్టాలి, ఇంకెవరికీ ఆ హక్కు లేదు.

లెక్కల_మాస్టారు:
ఇది ఒప్పుకుంటాను. సెమీఫైనల్‌కి తెచ్చినవాణ్ని సెమీఫైనల్‌లో పోగొట్టినవాడిగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం న్యాయం కాదు. నా అభ్యంతరం అతని మీద కాదు, ఒక్కడి మీద అంత భారం పెట్టే పద్ధతి మీద.

గోదారి_గట్టు:
ఆ భారం తీసేస్తే ఏమవుతుందో 2006 జూన్ 30న బెర్లిన్‌లో చూశాం. దాని గురించి మాట్లాడదామా?

పదో_నంబర్:
మాట్లాడాల్సిందే. నాకు ఈ కెరీర్ మొత్తంలో బాగా నొప్పి అదే.

2006 ప్రపంచకప్‌కి కోచ్ పెకెర్మన్, చిన్నప్పటి నుంచి రికెల్మేని ఎరిగినవాడు. జట్టు మొత్తం అతని చుట్టూనే. ఐవరీ కోస్ట్ మీద సావియోలాకి అతను ఇచ్చిన త్రూ పాస్ చూడండి, డిఫెండర్లు కాలు కదపకముందే బంతి దాటిపోయింది. సెర్బియా మాంటెనెగ్రో మీద 6-0. అందులో కాంబియాసో కొట్టిన రెండో గోల్ వెనక ఇరవైకి పైగా పాస్‌లు ఉన్నాయి. ఆ పాస్‌ల మధ్యలో రికెల్మే మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. ఒకసారి వేగం తగ్గిస్తాడు, ఒకసారి దిశ మారుస్తాడు. చివర్లో క్రెస్పో మడమతో వెనక్కి ఇవ్వడం అందరికీ గుర్తుంది. దానికి ముందు ఆటని అటూ ఇటూ ఊపి సెర్బియా వాళ్లని పక్కకి లాగింది ఎవరో మళ్లీ చూడండి.

క్వార్టర్ ఫైనల్, ఆతిథ్య జర్మనీ. 49వ నిమిషంలో రికెల్మే కార్నర్, అయాలా తలతో గోల్. 1-0. 71వ నిమిషంలో గోల్‌కీపర్ అబ్బొందంజియెరి గాయంతో బయటికి పోయాడు, ఉన్న మూడు మార్పుల్లో ఒకటి అలా ఖర్చయింది. మరుసటి నిమిషంలో పెకెర్మన్ రికెల్మేని తీసేసి కాంబియాసోని దింపాడు. 79లో క్రెస్పో బదులు హూలియో క్రూజ్. 80లో క్లోజె గోల్, 1-1. మార్పులన్నీ అయిపోయాయి. 19 ఏళ్ల మెస్సీ బెంచ్ మీదే ఉండిపోయాడు. షూటౌట్‌లో అయాలా, కాంబియాసో కొట్టినవి ఆపేశారు. ఆపింది ఎవరు? మళ్లీ లేమన్, ఈసారి జర్మనీ గోల్‌కీపర్‌గా. రెండు నెలల క్రితం తనని ఆపినవాడి ముందు నిలబడే అవకాశం కూడా రికెల్మేకి లేదు.

లెక్కల_మాస్టారు:
@పదో_నంబర్, పెకెర్మన్ వైపు నుంచి ఆలోచించండి. 72వ నిమిషం, ఒక గోల్ ఆధిక్యం, జర్మనీ పొడుగాటి బంతులతో మీదకి వస్తోంది. రికెల్మే అలసిపోయాడు, అది స్క్రీన్ మీద కనిపించింది. వెనక కాళ్లు కావాలి. కాంబియాసో మంచి ఎంపిక. తొంభై శాతం కోచ్‌లు అదే చేస్తారు. అసలు తప్పు మూడో మార్పులో ఉంది. క్రూజ్ బదులు మెస్సీ రావాల్సింది.

పదో_నంబర్:
అలసిన రికెల్మే కూడా బంతి తన దగ్గర పెట్టుకోగలడు మాస్టారూ. టోక్యోలో రియల్ మాడ్రిడ్ మీద చేసింది అదే కదా. ఆధిక్యంలో ఉన్నప్పుడే అతను ఎక్కువ అవసరం. అతను బయటికి పోగానే అర్జెంటీనా దగ్గర బంతి నిలవలేదు, వెనక్కి వెనక్కి జరిగిపోయారు. కాంబియాసోని దింపండి, కానీ రికెల్మే బదులు కాదు.

ఉత్తర_స్టాండ్:
ఈ ఒక్క విషయంలో నేను @పదో_నంబర్ వైపు. ఆ మ్యాచ్ మా హాస్టల్ టీవీ గదిలో చూశాం. బోర్డు మీద అతని నంబర్ కనపడగానే జర్మనీ వైపు ఉన్న మా సీనియర్లు చప్పట్లు కొట్టారు. అంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

విశాఖ_వింగర్:
ఆ తర్వాత సంగతి కూడా చెప్పాలి. ఓటమికి నిందంతా అతని మీద కుమ్మరించారు. ఆ విమర్శలు విని తన తల్లి ఆరోగ్యం దెబ్బతిందని చెప్పి 2006 సెప్టెంబర్‌లో జాతీయ జట్టుకి సెలవు చెప్పేశాడు. విల్లారియల్‌లో పెల్లెగ్రినితో కూడా చెడింది. జట్టుకి దూరం పెట్టారు. 28 ఏళ్లకే అయిపోయాడన్నారు.

2007 ఫిబ్రవరిలో కొన్ని నెలల కోసం అప్పుగా బోకాకి తిరిగొచ్చాడు. ఆ కొన్ని నెలల్లోనే లిబెర్తడోరెస్ గెలిపించాడు. ఫైనల్ బ్రెజిల్ క్లబ్ గ్రేమియో మీద. బొంబొనేరాలో 3-0, అందులో అతని ఫ్రీకిక్ ఒకటి. పోర్తో అలెగ్రెలో 2-0, రెండూ అతనివే. మొత్తం 5-0, ఆ టోర్నీలో అతని గోల్స్ 8. స్ట్రైకర్ కాదు, గుర్తుంచుకోండి. ఆ వెంటనే జాతీయ జట్టుకి తిరిగొచ్చి కోపా అమెరికాలో 5 గోల్స్ కొట్టాడు. ఫైనల్లో బ్రెజిల్ చేతిలో 3-0 ఓటమి, అది మాత్రం మింగుడుపడని రోజు.

మరుసటి ఏడాది బీజింగ్ ఒలింపిక్స్. 23 ఏళ్లు దాటినవాళ్ల కోటాలో వెళ్లి, కెప్టెన్‌గా మెస్సీ, అగ్వేరో, డి మరియా ఉన్న జట్టుతో స్వర్ణం. సెమీఫైనల్లో బ్రెజిల్ మీద 3-0, అందులో ఒక పెనాల్టీ అతనిదే. పెనాల్టీలంటే భయపడేవాడని రాసేవాళ్లు అది కూడా చూడాలి.

కొత్త_బంతి:
ఇంత జరిగాక కూడా 2010 ప్రపంచకప్‌లో ఎందుకు లేడు?

అర్ధరాత్రి_మ్యాచ్:
మారడోనా. 2008 చివర్లో జాతీయ కోచ్ అయ్యాడు. రికెల్మే ఆట గురించి టీవీలో బాహాటంగా మాట్లాడాడు. 2009 మార్చిలో రికెల్మే "మా ఇద్దరి ఆలోచనా పద్ధతులు వేరు" అన్న అర్థంలో చెప్పి తప్పుకున్నాడు. 51 మ్యాచ్‌లు, 17 గోల్స్, అక్కడితో సరి. దక్షిణాఫ్రికాలో జర్మనీ 4-0తో ఓడించినప్పుడు ఆ జట్టులో మధ్యన బంతి నిలిపేవాడే లేడు.

లెక్కల_మాస్టారు:
చూడండి, ఇక్కడ ఒక వరస కనిపిస్తోంది. బోకా అధ్యక్షుడు మాక్రితో గొడవ. వాన్ గాల్‌తో గొడవ. పెల్లెగ్రినితో గొడవ. మారడోనాతో గొడవ. తర్వాత బోకా కోచ్ ఫల్చొనితో కూడా పడలేదు. పలేర్మోతో మాటలు లేవు. 2010 ఏప్రిల్‌లో అర్సెనల్ దె సరాందీ (లండన్ ఆర్సెనల్ కాదు, అర్జెంటీనా క్లబ్) మీద పలేర్మో బోకా తరఫున రికార్డు సృష్టించే 219వ గోల్ కొట్టాడు. బంతి చేతికందించినట్టు ఇచ్చింది రికెల్మే. కానీ పాస్ ఇచ్చి, కౌగిలించుకోకుండా, తను వేరే వైపు జనం దగ్గరికి పరిగెత్తాడు. ఇన్నిసార్లు ఇంతమందితో పడకపోతే అందరూ తప్పేనా?

పదో_నంబర్:
న్యాయమైన ప్రశ్న. అందరూ తప్పని నేననను. మొండివాడు, మౌనంగా ఉంటాడు, తను నమ్మినదాని కోసం ఎవరినైనా ఎదిరిస్తాడు. ఆ మొండితనం వల్ల జాతీయ జట్టులో కొన్నేళ్లు పోయాయి, అది నిజమే.

కానీ మాక్రి గొడవని మిగతావాటితో కలపకండి. 2001లో అతను జీతం పెంచమని అడిగాడు. ఇంటర్‌కాంటినెంటల్ గెలిపించిన ఆటగాడికి అది అడిగే హక్కు ఉంది. ఏప్రిల్ 8న రివర్ మీద గోల్ కొట్టి, మైదానం మధ్యకి నడిచి, అధ్యక్షుడి గ్యాలరీ వైపు తిరిగి, రెండు చేతులూ చెవుల వెనక పెట్టి కదలకుండా నిలబడ్డాడు. తర్వాత అడిగితే, మా అమ్మాయికి తోపో జీజో అనే ఎలుక బొమ్మ ఇష్టం, దానికోసం చేశానన్నాడు. స్టేడియం మొత్తానికి అర్థమైంది ఎవరికోసమో. ఒక్క మాట అనకుండా చెప్పడం అంటే అదీ. ఆ పలేర్మో గోల్‌లో కూడా చూడండి. మాటల్లేని మనిషికి బంతి ఇవ్వకుండా ఉండగలిగేవాడే. ఇచ్చాడు. తనే కొట్టగలిగే చోట ఉండి ఇచ్చాడు.

గోదారి_గట్టు:
ఆ చెవుల సైగ మళ్లీ ఎక్కడ కనిపించిందో గుర్తుందా? 2022 ఖతార్, క్వార్టర్ ఫైనల్, నెదర్లాండ్స్ మీద. మెస్సీ పెనాల్టీ కొట్టి, డచ్ బెంచ్ ముందుకి వెళ్లి, చేతులు చెవుల వెనక పెట్టి నిలబడ్డాడు. అక్కడ కూర్చున్న కోచ్ లూయిస్ వాన్ గాల్. ఇరవై ఏళ్ల తర్వాత! అర్జెంటీనాలో ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు. 2023 జూన్ 25న బొంబొనేరాలో రికెల్మే వీడ్కోలు మ్యాచ్ జరిగితే మెస్సీ వచ్చి ఆడాడు. ఇద్దరి పుట్టినరోజూ జూన్ 24.

టైల్స్_ఊరు:
ఆఖరి సంవత్సరాలు కూడా రాయండి ఎవరైనా.

విశాఖ_వింగర్:
క్లుప్తంగా: 2011 అపెర్తురా ఓడకుండా గెలిచారు. 2012లో లిబెర్తడోరెస్ ఫైనల్ దాకా వెళ్లి కొరింథియన్స్ చేతిలో ఓడారు, ఆ రాత్రే ఇక ఇచ్చేందుకు నాలో ఏమీ మిగల్లేదని చెప్పి వెళ్లిపోయాడు. 2013లో బియాంచి మళ్లీ కోచ్‌గా రాగానే తిరిగొచ్చాడు. అదే కొరింథియన్స్ మీద సావో పాలోలో కుడి వైపు దూరం నుంచి గోల్‌కీపర్ తల మీదుగా కొట్టిన గోల్‌తో వాళ్లని ఇంటికి పంపించాడు. బోకా లెక్క మొత్తం 388 మ్యాచ్‌లు, 92 గోల్స్, 11 ట్రోఫీలు.

2014లో బోకా కొత్త ఒప్పందం కుదరలేదు. అప్పుడు అతను చేసింది నాకు చాలా ఇష్టం. డబ్బున్న చోటికి పోకుండా, రెండో డివిజన్‌కి పడిపోయిన అర్జెంటీనోస్ జూనియర్స్‌కి, తను ఆట నేర్చుకున్న క్లబ్‌కి వెళ్లాడు. ఆ డిసెంబర్‌కల్లా వాళ్లు మొదటి డివిజన్‌కి తిరిగొచ్చారు. 2015 జనవరిలో రిటైర్మెంట్ ప్రకటించాడు.

లెక్కల_మాస్టారు:
ఆ తర్వాత 2019 డిసెంబర్‌లో బోకా ఉపాధ్యక్షుడు, 2023 డిసెంబర్‌లో ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడు. ఎదుటి ప్యానెల్‌లో ఉపాధ్యక్ష అభ్యర్థి ఎవరో తెలుసుగా, అర్జెంటీనా మాజీ దేశాధ్యక్షుడు మాక్రి. ఓటింగ్‌లో సభ్యులు రికార్డు సంఖ్యలో వచ్చారు, రికెల్మే భారీగా గెలిచాడు. క్లబ్ నడపడంలో అతని మీద నాకు చాలా అభ్యంతరాలున్నాయి. ఎదురుచూస్తున్న ఏడో లిబెర్తడోరెస్ రాలేదు, 2023 ఫైనల్ ఫ్లుమినెన్సె చేతిలో పోయింది. కోచ్‌లు తరచూ మారారు. కానీ అది ఆటగాడి కెరీర్ కాదు కాబట్టి ఇక్కడ ఆపుతాను.

ఉత్తర_స్టాండ్:
నా మాట చెప్తాను. బార్సిలోనా ఏడాది గురించి నా అభిప్రాయం కొంత అలాగే ఉంది. బాగా లేని జట్టులో కూడా తనకంటూ చోటు చేసుకున్న ఆటగాళ్లున్నారు. అయితే "యూరప్‌లో ఫెయిల్" అన్న మాట ఇక వాడను. విల్లారియల్‌ని మూడో స్థానంలో, సెమీఫైనల్‌లో నిలబెట్టినవాడికి ఆ మాట సరిపోదు.

కొత్త_బంతి:
ఈ వారాంతం ఖాళీ. క్లిప్పులు కాదు, పూర్తి మ్యాచ్‌లే చూస్తాను. ఏవి, ఏ వరసలో?

పదో_నంబర్:
@కొత్త_బంతి, నా సలహా: మొదట 2000 టోక్యో, రియల్ మాడ్రిడ్ మీద. గోల్స్ ఆరో నిమిషానికే అయిపోతాయి, అసలు చూడాల్సింది ఆ తర్వాతే. ఫార్వర్డ్‌లను వదిలేసి రికెల్మేని, అతని మీదకి ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టు. తర్వాత 2001 లిబెర్తడోరెస్ సెమీఫైనల్, పామెయిరాస్ మైదానంలో 2-2. దాని ప్రింట్ అంత బాగుండదు, అయినా చూడు, బోకా తరఫున అతను ఆడిన మ్యాచ్‌ల్లో నేను దాన్నే పైన పెడతాను. మూడోది 2005 జూన్ 8, అర్జెంటీనా 3 బ్రెజిల్ 1, రొనాల్డీన్యో, కకా ఎదురుగా.

అర్ధరాత్రి_మ్యాచ్:
నాలుగోదిగా 2006 సెమీఫైనల్ కూడా పెట్టండి, ఆర్సెనల్ అభిమానిగా అడుగుతున్నాను. 45వ నిమిషం నుంచి 88 దాకా.

గోదారి_గట్టు:
@కొత్త_బంతి, 2007 ఫైనల్ రెండో మ్యాచ్ నా దగ్గర మంచి నాణ్యతలో ఉంది. మెసేజ్ పెట్టు, పంపిస్తాను. మొదటి గోల్ దగ్గర ఆపి ఒకసారి వెనక్కి తిప్పి చూడు, కొట్టే ముందు అతను తల ఎత్తి గోల్ వైపు ఎప్పుడు చూశాడో.